బులుసు సాంబమూర్తి

బులుసు సాంబమూర్తి (మార్చి 4, 1886 - ఫిబ్రవరి 2, 1958) స్వాతంత్ర్య సమరయోధుడు, న్యాయవాది, మద్రాసు ప్రెసిడెన్సీ శాసనసభకు మొట్టమొదటి సభాపతి (స్పీకరు). కాకినాడ కేంద్రంగా ప్రజాజీవితంలోకి వచ్చిన ఇతడు 1923లో ఆ పట్టణంలో జరిగిన భారత జాతీయ కాంగ్రెసు మహాసభ నిర్వాహకులలో ముఖ్యుడు. 1937 జూలై నుండి 1942 వరకు సభాపతి పదవిలో ఉండి, క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొనడానికి ఆ పదవికి రాజీనామా చేశాడు. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం 1952లో పొట్టి శ్రీరాములు ఆమరణ నిరాహారదీక్ష చేసినది మద్రాసులోని సాంబమూర్తి ఇంటిలోనే. నిరాడంబర జీవితం, త్యాగం కారణంగా ప్రజలు ఇతనిని మహర్షి అని గౌరవంగా పిలిచేవారు.

బాల్యము, విద్య

సాంబమూర్తి 1886 మార్చి 4న తూర్పు గోదావరి జిల్లాలోని దుళ్ళ గ్రామంలో జన్మించాడు. ఈ గ్రామం ప్రస్తుతం కడియం మండలంలో ఉంది. తండ్రి సుబ్బావధానులు వేదపండితుడు. వైదిక సంప్రదాయం గల కుటుంబంలో పుట్టినా సాంబమూర్తి ఆంగ్ల విద్య అభ్యసించాడు. విజయనగరంలోని మహారాజా కళాశాలలో భౌతికశాస్త్రం ప్రధానాంశంగా పట్టభద్రుడయ్యాడు. తరువాత న్యాయశాస్త్ర పరీక్షలలో ఉత్తీర్ణుడై కాకినాడలో న్యాయవాదిగా స్థిరపడ్డాడు.

అప్పటికి కాకినాడ గోదావరి డెల్టాకు ప్రధాన ఓడరేవు, జిల్లా పాలనా కేంద్రం కూడా. కోర్టులు, కచేరీలు, వర్తక సంస్థలు, పిఠాపురం రాజా కళాశాల ఉన్నందువల్ల చదువుకున్న వారి సంఖ్య హెచ్చుగా ఉండేది. తెలుగు జిల్లాలలోని అనేక పట్టణాలలో లాగానే ఇక్కడ కూడా తొలితరం రాజకీయ నాయకులలో ఎక్కువమంది న్యాయవాదులే.

న్యాయవాద వృత్తి, రాజకీయ ప్రవేశం

క్రిమినల్ కేసులు వాదించడంలో సాంబమూర్తి మంచి పేరు, దానితోపాటు మంచి ఆదాయం సంపాదించాడు. హోంరూల్ ఉద్యమ కాలంలో రాజకీయాల వైపు ఆకర్షితుడయ్యాడు. తెలుగు జిల్లాలను కలిపి ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పాటు చేయాలనే ఆలోచన కూడా ఆ సంవత్సరాలలోనే బలపడింది. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. 1916 మహాసభకు కాకినాడ వేదికయింది. 1918లో కాంగ్రెసు సంస్థ తెలుగు జిల్లాలకు ప్రత్యేకంగా ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘాన్ని ఏర్పాటు చేసింది. ప్రభుత్వ పాలనలో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటిగానే ఉన్నా, కాంగ్రెసు లెక్కలో మాత్రం ఆంధ్రం అప్పటికే ఒక ప్రత్యేక రాష్ట్రం. సాంబమూర్తి రాజకీయ జీవితమంతా ఈ రెండు ఆశయాల చుట్టూ, అనగా స్వరాజ్యం, ఆంధ్ర రాష్ట్రం అనే వాటి చుట్టూ నడిచింది.

సహాయ నిరాకరణోద్యమంలో న్యాయవాదులు కోర్టులను బహిష్కరించాలని గాంధీజీ పిలుపునిచ్చినపుడు సాంబమూర్తి తన వృత్తిని విడిచిపెట్టాడు. ఆ తరువాత పూర్తికాలం కాంగ్రెసు కార్యకర్తగా పనిచేశాడు.

కాకినాడ కాంగ్రెసు మహాసభ (1923)

నేపథ్యం

సహాయ నిరాకరణ కార్యక్రమంలో శాసనసభల బహిష్కరణ ఒక భాగం. 1920 ఎన్నికలలో కాంగ్రెసు పోటీ చేయలేదు. 1922లో ఉద్యమం ఆగిపోయి, గాంధీజీ జైలుకు వెళ్ళిన తరువాత, శాసనసభలలోకి ప్రవేశించి లోపలినుండి ప్రభుత్వాన్ని ఎదిరించాలని చిత్తరంజన్ దాస్, మోతీలాల్ నెహ్రూ వాదించారు. బహిష్కరణ కొనసాగాలని చక్రవర్తి రాజగోపాలాచారి మొదలైనవారు వాదించారు. 1922 గయ కాంగ్రెసులో రాజగోపాలాచారి పక్షం నెగ్గింది. ఆ వెంటనే దాస్, మోతీలాల్ స్వరాజ్య పార్టీని స్థాపించారు. 1923 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన ప్రత్యేక సమావేశం, ఇష్టమున్న కాంగ్రెసువారు ఎన్నికలలో నిలబడవచ్చునని అనుమతించింది. అదే సంవత్సరం చివరలో కాకినాడలో జరిగిన వార్షిక మహాసభ ఈ రాజీని ఖాయపరచవలసి వచ్చింది.

నిర్వహణ

కాకినాడ మహాసభ 1923 డిసెంబరు 28 నుండి 1924 జనవరి 1 వరకు జరిగింది. అధ్యక్షుడు మౌలానా మహమ్మదాలీ, ఆహ్వాన సంఘాధ్యక్షుడు దేశభక్త కొండా వెంకటప్పయ్య. దేశం నలుమూలలనుండి వచ్చే ప్రతినిధులకు వసతి, భోజనం, మంచినీరు, పందిళ్ళు, స్వచ్ఛంద సేవకుల శిక్షణ వంటి ఏర్పాట్ల భారంలో పెద్దభాగం స్థానిక నాయకుల మీద పడింది. వారిలో సాంబమూర్తి ముందున్నాడు. మహాసభకు కొద్దిరోజుల ముందు అతని ఏకైక కుమారుడు మరణించాడు. ఆ దుఃఖంలోనూ అతడు సభల పని మానలేదు. సాంబమూర్తి జీవితం గురించి చెప్పేవారందరూ ఈ సంఘటనను తప్పక ప్రస్తావిస్తారు.

తరువాతి కాలంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా ప్రసిద్ధి చెందిన దుర్గాబాయి ఈ సందర్భంగా బాలికా స్వచ్ఛంద సేవకురాలిగా పనిచేసింది. ఖద్దరు ప్రదర్శనశాల ద్వారం వద్ద టిక్కెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆమె లోపలికి పోనివ్వలేదు. టిక్కెట్టు కొన్న తరువాతనే అతనిని పంపించింది.

తీర్మానాలు, విశేషాలు

* శాసనసభా ప్రవేశంపై ఢిల్లీలో కుదిరిన రాజీని మహాసభ ఆమోదించింది. సహాయ నిరాకరణ సూత్రాన్ని వదలకుండానే స్వరాజ్య పార్టీకి దారి ఇచ్చింది.
* హిందూ ముస్లిముల మధ్య ఉద్యోగాలు, స్థానాల పంపకానికి చిత్తరంజన్ దాస్ కుదిర్చిన బెంగాల్ ఒడంబడికను మహాసభ అంగీకరించలేదు.
* అస్పృశ్యతా నివారణకు కాంగ్రెసు పూనుకోవాలని కేరళ నాయకుడు టి.కె.మాధవన్ కోరగా తీర్మానం చేశారు. 1924లో మొదలైన వైకోం సత్యాగ్రహానికి ఇది తోడ్పడింది.
* డాక్టర్ ఎన్.ఎస్.హార్డీకర్ చొరవతో హిందుస్తానీ సేవాదళ్ ఇక్కడే ఏర్పడింది.
* సంగీత విద్వాంసుడు విష్ణు దిగంబర్ పలుస్కర్ వందేమాతరం పాడుతుండగా అధ్యక్షుడు మహమ్మదాలీ అభ్యంతరం చెప్పడం, పలుస్కర్ ఆపకుండా గేయం పూర్తి చేయడం ఈ మహాసభలోనే జరిగాయి.

శాసనసభలలో చేరవచ్చునా అనే ప్రశ్న, వందేమాతరంపై వివాదం ఈ రెండూ పద్నాలుగు సంవత్సరాల తరువాత సాంబమూర్తి ముందుకు మళ్ళీ వచ్చాయి. అప్పటికి అతడు సభాపతి స్థానంలో ఉన్నాడు.

ఉప్పు సత్యాగ్రహం

1930లో గాంధీజీ దండి యాత్ర తరువాత సముద్రతీరం గల తెలుగు జిల్లాలన్నిటిలో ఉప్పు చట్టాన్ని ధిక్కరించే కార్యక్రమం జరిగింది. తూర్పు గోదావరి జిల్లాలో సత్యాగ్రహానికి నాయకత్వం వహించినవారిలో సాంబమూర్తి ప్రముఖుడు. కాకినాడ పరిసరాలలోని తీరం, ఉప్పు పండే నేలలు ఈ కార్యక్రమానికి అనువుగా ఉండేవి. ఉద్యమంలో పాల్గొన్నందుకు సాంబమూర్తి జైలుశిక్ష అనుభవించాడు. న్యాయవాదిగా కోర్టులలో ఎందరి తరఫుననో వాదించిన వ్యక్తి ఇపుడు తానే నిందితుడుగా నిలబడవలసి వచ్చింది. జైలు జీవితం అతనికి ఇదే ఆఖరు కాలేదు.

1937 ఎన్నికలు

1935 భారత ప్రభుత్వ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీలో రెండు సభల విధానాన్ని ప్రవేశపెట్టింది. దిగువసభ అయిన శాసనసభలో 215 స్థానాలు ఉండేవి. వాటిలో 30 స్థానాలు అప్పుడు అణగారిన వర్గాలుగా పేర్కొన్న కులాలకు, 28 ముస్లిములకు, 8 స్త్రీలకు ప్రత్యేకించారు. జమీందారులు, వర్తక సంఘాలు, కార్మికులు, యూరోపియనులు మొదలైన వర్గాలకు కూడా వేరుగా స్థానాలు ఉండేవి. వయోజనులందరికీ ఓటుహక్కు లేదు. ఆస్తి, పన్ను, విద్య వంటి అర్హతలు ఉన్నవారే ఓటర్లు.

ఆంధ్రదేశంలో ఈ ఎన్నికలు చాలావరకు జమీందారులకు, కాంగ్రెసుకు మధ్య పోరాటంగా జరిగాయి. అధికారంలో ఉన్న జస్టిస్ పార్టీకి బొబ్బిలి రాజా నాయకుడు. కాకినాడకు సమీపంలోని పిఠాపురం మహారాజా పీపుల్స్ పార్టీ పేరుతో వేరొక పక్షాన్ని స్థాపించాడు. ఫలితాలలో కాంగ్రెసుకు 159 స్థానాలు వచ్చాయి. బొబ్బిలి రాజా తన సొంత స్థానంలోనే వి.వి.గిరి చేతిలో ఓడిపోయాడు. సాంబమూర్తి కాంగ్రెసు పక్షాన శాసనసభలో ప్రవేశించాడు.

గెలిచిన వెంటనే కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పాటు చేయలేదు. గవర్నరు తన ప్రత్యేకాధికారాలతో మంత్రుల పనిలో జోక్యం చేసుకోరాదని హామీ కోరింది. ఈ చర్చ నడిచిన మూడు నెలలకు పైగా కాలం కూర్మా వెంకటరెడ్డినాయుడు నాయకత్వంలో తాత్కాలిక మంత్రివర్గం పనిచేసింది. 1937 జూలై 14న రాజగోపాలాచారి ప్రధానమంత్రిగా (అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని ఇలాగే పిలిచేవారు) కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడింది. టంగుటూరి ప్రకాశం, వి.వి.గిరి, బెజవాడ గోపాలరెడ్డి అందులోని ఆంధ్ర మంత్రులు.

శాసనసభాపతిగా

1937 జూలై 15న సాంబమూర్తి శాసనసభాపతిగా ఎన్నికయ్యాడు. ఉపసభాపతిగా రుక్మిణీ లక్ష్మీపతి ఎన్నికయింది. 1921 నుండి 1937 వరకు మద్రాసులో ఉన్న ఏకైక సభకు శాసన మండలి అని పేరు. దాని అధిపతిని అధ్యక్షుడని పిలిచేవారు. స్పీకరు అనే పదవి 1935 చట్టంతో వచ్చింది. కనుక మద్రాసు శాసనసభకు తొలి స్పీకరు సాంబమూర్తే. 1937 చివరి వరకు సభ మద్రాసు విశ్వవిద్యాలయపు సెనేట్ హౌసులోను, 1938 నుండి ప్రస్తుతం రాజాజీ హాలుగా పిలువబడుతున్న భవనంలోను సమావేశమైంది.

సభాపతి పీఠం, పార్టీ రాజకీయాలు

బ్రిటిషు పార్లమెంటు సంప్రదాయం ప్రకారం స్పీకరుగా ఎన్నికైన వ్యక్తి తన పార్టీతో సంబంధం తెంచుకుంటాడు. 1925లో కేంద్ర శాసనసభ అధ్యక్షుడైన విఠల్‌భాయి పటేల్ ఈ సంప్రదాయాన్ని పాటించి స్వరాజ్య పార్టీకి దూరంగా ఉన్నాడు. అయితే 1930లో ఉద్యమం తీవ్రమైనపుడు అతడు అధ్యక్ష పదవినే వదులుకున్నాడు.

1937లో కాంగ్రెసు స్పీకర్ల పరిస్థితి ఇంకా చిక్కైనది. తాము సభకు అధిపతులుగా ఉండడం, సభను సృష్టించిన 1935 చట్టాన్ని తమ పార్టీ తిరస్కరించడం, రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. సంయుక్త రాష్ట్రాల స్పీకరు పురుషోత్తమదాస్ టాండన్ సభ వెలుపల తాను రాజకీయాలలో కొనసాగుతానని బాహాటంగా ప్రకటించాడు. సాంబమూర్తి కూడా కాంగ్రెసు నుండి విడిపోలేదు. సభలో నియమావళి ప్రకారం నడుచుకోవడం, సభ వెలుపల జాతీయోద్యమానికి కట్టుబడి ఉండడం అనే పద్ధతి ఇది. సభ నడుస్తున్నంత కాలం ఈ రెంటికీ పొత్తు కుదిరింది. 1939 తరువాత కుదరలేదు.

వందేమాతరం వివాదం

సాంబమూర్తి సభాపతిగా ఉండగా శాసనసభ సమావేశాల ఆరంభంలో వందేమాతరం ఆలపించారు. ముస్లిం సభ్యులు దీనికి అభ్యంతరం తెలిపారు. గేయంలోని తరువాతి చరణాలలో మాతృదేశాన్ని దేవతగా స్తుతించడం తమ మతవిశ్వాసానికి సరిపడదని వారి వాదన. కాంగ్రెసు పాలనలో ఉన్న ఇతర రాష్ట్రాలలో కూడా ఇదే చర్చ జరిగింది. నెహ్రూ ఈ విషయమై రవీంద్రనాథ్ ఠాగూర్ అభిప్రాయం తీసుకున్నాడు. 1937 అక్టోబరులో కాంగ్రెసు కార్యవర్గం, జాతీయ సభలలో గేయంలోని మొదటి రెండు చరణాలు మాత్రమే పాడాలని నిర్ణయించింది. కాకినాడ మహాసభలో ఒక వేదిక మీద తలెత్తిన వివాదం ఇపుడు శాసనసభలో తలెత్తింది. పార్టీ సభకు, అన్ని వర్గాల ప్రతినిధులు కూర్చునే శాసనసభకు ఉన్న భేదాన్ని ఈ ఉదంతం బయటపెట్టింది.

అతని కాలంలో వచ్చిన శాసనాలు

సభ ముందుకు వచ్చే బిల్లుల మీద సభాపతి స్వయంగా విధానం నిర్ణయించడు. చర్చకు సమయం కేటాయించడం, సవరణలను అనుమతించడం, ప్రతిపక్షానికి మాట్లాడే అవకాశం కల్పించడం అతని పని. సాంబమూర్తి అధ్యక్షతన మద్రాసు శాసనసభ రెండున్నర సంవత్సరాలలోపే అనేక ముఖ్యమైన చట్టాలను చర్చించింది.

* మద్యనిషేధ చట్టం (1937). మొదట సేలం జిల్లాలో 1937 అక్టోబరు 1న అమలయింది. తరువాత చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది.
* వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం (1938). పాతబాకీలపై వడ్డీని తగ్గించింది.
* జమీందారీ ప్రాంతాల రైతుల సమస్యలపై ప్రకాశం అధ్యక్షతన ఉభయసభల సంఘం విచారణ జరిపి 1938లో నివేదిక ఇచ్చింది. గోదావరి జిల్లాలలో జమీందారీలు విస్తారంగా ఉన్నందున ఈ నివేదికకు ఇక్కడ ఎంతో ప్రాధాన్యత ఉండేది.
* సాధారణ అమ్మకపు పన్ను చట్టం (1939). మద్యనిషేధం వల్ల తగ్గిన ఆదాయాన్ని భర్తీ చేయడం దీని ఉద్దేశ్యాలలో ఒకటి.
* దేవాలయ ప్రవేశానికి సంబంధించిన చట్టం (1939). దళితులకు ఆలయ ప్రవేశం కల్పించిన ధర్మకర్తలకు, అధికారులకు రక్షణ కల్పించింది.

పాఠశాలలలో హిందీ బోధనను ప్రవేశపెట్టడంపై తమిళ జిల్లాలలో జరిగిన తీవ్రమైన ఆందోళన కూడా ఈ కాలానిదే.

1938 ఆంధ్ర రాష్ట్ర తీర్మానం

ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసు శాసనసభలో జరిగిన ముఖ్యమైన ప్రయత్నం సాంబమూర్తి సభాపతిగా ఉన్నపుడే జరిగింది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంటిలో కలుసుకొని శ్రీబాగ్ ఒడంబడిక కుదుర్చుకున్నారు. ఆ ఒప్పందంతో రెండు ప్రాంతాలు కలిసి అడగడానికి వీలు కలిగింది. 1938 మార్చిలో కొండా వెంకటప్పయ్య శాసనసభలో తీర్మానం ప్రతిపాదించాడు. తమిళ, తెలుగు, కన్నడ, మలయాళ ప్రాంతాలకు భాష ప్రాతిపదికగా వేర్వేరు రాష్ట్రాలు ఏర్పరచాలని దాని సారాంశం. సభ దీనిని ఆమోదించింది.

1923లో కాకినాడలో ఆహ్వాన సంఘాధ్యక్షుడైన వెంకటప్పయ్య తీర్మానాన్ని ప్రవేశపెట్టగా, ఆనాటి నిర్వాహకుడైన సాంబమూర్తి సభాపతి పీఠంలో ఉన్నాడు. ఓట్లు చాలినన్ని ఉన్నాయి, సభ ఆమోదమూ లభించింది. కాని రాష్ట్రాన్ని విభజించే అధికారం శాసనసభకు లేదు. అది బ్రిటిషు ప్రభుత్వం చేతిలోనిది. బ్రిటిషు ప్రభుత్వం ఆ కోరికను అంగీకరించలేదు.

పదవికి రాజీనామా

1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధం మొదలైనపుడు భారతీయులను సంప్రదించకుండానే వైస్రాయి భారతదేశాన్ని యుద్ధంలో దింపాడు. దానికి నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. 1939 అక్టోబరు చివరలో రాజగోపాలాచారి మంత్రివర్గం తప్పుకోగా, 1935 చట్టంలోని 93వ సెక్షను ప్రకారం గవర్నరు పాలన వచ్చింది. శాసనసభ సమావేశాలు నిలిచిపోయాయి. అయితే సభను రద్దు చేయలేదు. అందువల్ల సమావేశాలు జరగకపోయినా సభాపతి పదవి సాంబమూర్తి చేతిలోనే ఉంది.

1942లో పరిస్థితి మారింది. ముస్లిం లీగు కోరుతున్న పాకిస్తాన్ సూత్రాన్ని అంగీకరించి జాతీయ ప్రభుత్వం ఏర్పరచుకోవాలని రాజగోపాలాచారి ఏప్రిల్‌లో మద్రాసు కాంగ్రెసు శాసనసభ్యులచేత తీర్మానం చేయించాడు. అఖిల భారత కాంగ్రెసు సంఘం దానిని తిరస్కరించింది. జూలైలో అతడు కాంగ్రెసునుండి, శాసనసభ నుండి కూడా తప్పుకున్నాడు. సాంబమూర్తి దారి ఇందుకు విరుద్ధమైనది. క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొనడానికి అతడు సభాపతి పదవికి రాజీనామా ఇచ్చి మరల జైలుకు వెళ్ళాడు. 1937లో ప్రభుత్వాధిపతిగా, సభాధిపతిగా ఒక్కరోజు తేడాతో పదవులు స్వీకరించిన ఇద్దరూ 1942లో శాసనసభను విడిచిపెట్టారు. ఒకరు ఉద్యమాన్ని వ్యతిరేకిస్తూ, మరొకరు ఉద్యమంలో చేరడానికి.

1946 ఎన్నికల తరువాత ఏర్పడిన శాసనసభకు జె.శివషణ్ముగం పిళ్ళై సభాపతి అయ్యాడు.

ఆంధ్ర రాష్ట్రోద్యమం

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఆంధ్ర రాష్ట్రం వెంటనే ఏర్పడుతుందని తెలుగు నాయకులు ఆశించారు. 1948లో ధార్ కమిషను భాషాప్రయుక్త రాష్ట్రాలు తగవని చెప్పింది. 1949లో జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభ్‌భాయి పటేల్, పట్టాభి సీతారామయ్యలతో కూడిన సంఘం ఆంధ్ర విషయంలో కొంత సానుకూలంగా చెప్పినా, మద్రాసు నగరంపై ఆంధ్రులు తమ హక్కు వదులుకోవాలని షరతు పెట్టింది. 1951లో స్వామి సీతారాం గుంటూరులో ముప్పై ఐదు రోజులు నిరాహారదీక్ష చేసి, వినోబా భావే మాటపై విరమించాడు. అయినా ప్రభుత్వంలో కదలిక రాలేదు.

1952 తొలి సార్వత్రిక ఎన్నికలలో మద్రాసు శాసనసభలోని 375 స్థానాలలో కాంగ్రెసుకు 152 మాత్రమే లభించాయి. రాజగోపాలాచారి తిరిగి కాంగ్రెసు పక్షాన ముఖ్యమంత్రి అయ్యాడు.

పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష

గాంధేయవాది పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో ఆమరణ నిరాహారదీక్ష ప్రారంభించాడు. అప్పటికి కాంగ్రెసు నాయకత్వం ఈ దీక్షను సమర్థించలేదు. మద్రాసులో దీక్షకు చోటు దొరకడమే కష్టమయింది. అపుడు సాంబమూర్తి తన ఇంటిలో స్థలం ఇచ్చాడు. మైలాపూరు ప్రాంతంలో రాయపేట హైరోడ్డులోని 126వ నంబరు ఇల్లు అది.

నిరాహారదీక్షకు ఇల్లు ఇవ్వడమంటే అప్పటి పరిస్థితులలో చిన్న విషయం కాదు. దీక్ష విఫలమైతే నింద, శ్రీరాములు మరణిస్తే బాధ్యత, రెండూ ఇంటి యజమానికి కూడా వస్తాయి. తాను జీవితమంతా పనిచేసిన కాంగ్రెసు సంస్థ కేంద్రంలోను, రాష్ట్రంలోను అధికారంలో ఉంది. ముఖ్యమంత్రి స్థానంలో ఉన్నది తాను సభాపతిగా ఉన్నప్పటి ప్రభుత్వాధినేతే.

దీక్ష రోజులు గడిచేకొద్దీ తెలుగు జిల్లాలలో ఆందోళన పెరిగింది. ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటుపై ప్రభుత్వం నుండి స్పష్టమైన ప్రకటన రాలేదు. 58 రోజుల దీక్ష తరువాత 1952 డిసెంబరు 15 రాత్రి శ్రీరాములు ఆ ఇంటిలోనే కన్నుమూశాడు. ఆ వార్త తెలియగానే ఆంధ్ర ప్రాంతమంతటా హర్తాళ్ళు జరిగాయి. రైళ్ళు ఆగిపోయాయి. కొన్నిచోట్ల పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. డిసెంబరు 19న ప్రధానమంత్రి నెహ్రూ లోక్‌సభలో, మద్రాసు నగరం మినహా వివాదం లేని తెలుగు ప్రాంతాలతో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడుతుందని ప్రకటించాడు. జస్టిస్ వాంఛూ నివేదిక తరువాత 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యాడు. కొత్త రాష్ట్ర శాసనసభకు నల్లపాటి వెంకటరామయ్య తొలి సభాపతిగా ఎన్నికయ్యాడు.

చివరి రోజులు

సాంబమూర్తి చివరి సంవత్సరాలు నిరాడంబరంగా గడిచాయి. న్యాయవాదిగా సంపాదించగలిగిన రోజులలో వృత్తిని విడిచిన అతడు తరువాత సంపద కూడబెట్టే ప్రయత్నం చేయలేదు. 1956 నవంబరు 1న తెలంగాణా ప్రాంతంతో కలిసి ఆంధ్రప్రదేశ్ అవతరించడాన్ని కూడా అతడు చూశాడు. 1958 ఫిబ్రవరి 2న కాకినాడలో మరణించాడు.

రాజకీయ జీవితం - అంచనా

సాంబమూర్తి రాజకీయ జీవితంలో శాసనసభ ఒక ఘట్టం మాత్రమే. అంతకుముందు కాంగ్రెసు బహిష్కరించిన సభలో అతడు అత్యున్నత స్థానాన్ని అధిష్టించాడు. ఆ సభ పనిచేసినంత కాలం దానిని నడిపాడు. అది పనిచేయనపుడు పదవి పేరును పట్టుకొని కూర్చోలేదు.

శాసనసభ శక్తి ఎంత, పరిమితి ఎంత అనే ప్రశ్నకు ఆంధ్ర రాష్ట్ర చరిత్ర మంచి ఉదాహరణ. 1938లో సాంబమూర్తి అధ్యక్షత వహించిన సభ కోరిన రాష్ట్రం ఏర్పడలేదు. 1952లో అతని ఇంటిలో ఒక వ్యక్తి ప్రాణం పోయిన నాలుగు రోజులకు అదే రాష్ట్రం మంజూరయింది. దీనిని బట్టి 1938 తీర్మానం వ్యర్థమని చెప్పలేము. తెలుగు ప్రాంతపు ప్రజాప్రతినిధులు, ఇతర భాషల ప్రతినిధులతో కలిసి, శాసనబద్ధంగా ఒకసారి ఆ కోరికను ఆమోదించారన్న ఆధారాన్ని ఆ తీర్మానం మిగిల్చింది. అయితే స్వతంత్ర భారతదేశంలో కూడా ఆ కోరిక ఒక ప్రాణత్యాగం తరువాతనే నెరవేరింది. ఈ రెండు ఘట్టాలలోను సాంబమూర్తి ఉన్నాడు, రెండింటిలోను అతడు ముందుకు వచ్చి మాట్లాడినవాడు కాదు. ఒకచోట సభను నడిపినవాడు, మరొకచోట ఇంటి తలుపు తెరిచినవాడు. పొట్టి శ్రీరాములు, ప్రకాశం పేర్లు ప్రతి విద్యార్థికీ తెలిసినంతగా సాంబమూర్తి పేరు తెలియకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

స్మృతి చిహ్నాలు

* కాకినాడలో సాంబమూర్తి నగర్ అనే ప్రాంతం ఇతని పేరుమీద ఏర్పడింది.
* విజయవాడలో ఒక ముఖ్యమైన రహదారికి సాంబమూర్తి రోడ్డు అని పేరు.
* చెన్నైలో రాయపేట హైరోడ్డులోని 126వ నంబరు స్థలంలో అమరజీవి పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. శ్రీరాములు స్మారకంగా ప్రసిద్ధమైన ఈ స్థలం ఒకప్పటి సాంబమూర్తి నివాసం.

జీవితంలో ముఖ్య ఘట్టాలు

* 1886 మార్చి 4 - దుళ్ళ గ్రామంలో జననం.
* 1923 డిసెంబరు - కాకినాడ కాంగ్రెసు మహాసభ నిర్వహణ.
* 1930 - ఉప్పు సత్యాగ్రహం, జైలుశిక్ష.
* 1937 జూలై 15 - మద్రాసు శాసనసభాపతిగా ఎన్నిక.
* 1938 మార్చి - భాషాప్రయుక్త రాష్ట్రాలను కోరుతూ శాసనసభ తీర్మానం.
* 1942 - సభాపతి పదవికి రాజీనామా, క్విట్ ఇండియా ఉద్యమం.
* 1952 అక్టోబరు 19 - డిసెంబరు 15 - మద్రాసులోని తన ఇంటిలో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష.
* 1953 అక్టోబరు 1 - ఆంధ్ర రాష్ట్ర అవతరణ.
* 1958 ఫిబ్రవరి 2 - కాకినాడలో మరణం.